కోర్టు ఫీజు కట్టలేనివారు దావా వేయాలంటే: చెన్నైలో ఉచిత న్యాయసహాయ సేవ గురించి మా అనుభవం

కోర్టు ఫీజు కట్టే స్తోమత లేని మనిషి దావా వేయడానికి మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి, ఫీజు కట్టకుండా దావా వేయడానికి అనుమతి ఇమ్మని సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు కింద వేసే పిటిషను. చెన్నై కోర్టుల్లో దాన్ని ఇప్పటికీ పాపర్ ఓ.పి. (ఒరిజినల్ పిటిషను) అనే పిలుస్తారు. రెండోది 1987లో వచ్చి 1995 నవంబరు 9 నుంచి అమలవుతున్న న్యాయసేవల చట్టం కింద దొరికే ఉచిత న్యాయసహాయం. మా పిన్ని మొదటి దారిలో రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ వెనక్కి వచ్చింది, మూడోసారి రెండో దారిలో లోపలికి వెళ్లగలిగింది. మూడేళ్లకు పైగా ఆమె వెంట తిరిగినదాన్ని కాబట్టి, ఈ సేవ ఎక్కడ బాగుందో, ఎక్కడ మనిషిని నిలువునా ముంచుతుందో వివరంగా రాయాలనిపించింది. దావా ఇంకా నడుస్తున్నందువల్ల కోర్టు పేరు, కేంద్రం పేరు, వకీళ్ల పేర్లు రాయడం లేదు.

పిన్ని కొరుక్కుపేటలో జాకెట్లు కుట్టి బతుకుతుంది. బాబాయి పోయాక, ఆయన తండ్రి నుంచి వచ్చిన ఇంట్లో ఆమెకు వాటా లేదని మరిది తాళం మార్చేశాడు. భాగపరిష్కారం కోసం దావా వేయాలి. తమిళనాడులో 1955 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం, ఉమ్మడి ఆస్తి ఇంకా మన స్వాధీనంలోనే ఉందని చెప్పగలిగితే స్థిరమైన చిన్న ఫీజుతో సరిపోతుంది; బయటికి గెంటివేయబడినవారైతే మాత్రం తమ వాటా మార్కెట్ విలువ మీద శాతం చొప్పున కట్టాలి. 2017 సవరణకు ముందు ఆ రేటు 7.5 శాతం, ఇప్పుడు 3 శాతం. పిన్ని వాటా విలువ 22 లక్షలని లెక్క తేలింది కాబట్టి ఫీజు 66,000 రూపాయలు. తాళం మార్చబడిన ఇంటి ముందు నిలబడ్డ మనిషే ఎక్కువ ఫీజు కట్టవలసి రావడం నాకు మొదటినుంచీ బాధ కలిగించిన విషయం.

పాపర్ అన్న మాట దగ్గరే పిన్ని ఆగిపోయింది. మన తెలుగులో పాపరైపోయాడంటే దివాలా తీశాడని, ఐ.పి. పెట్టాడని అర్థం. అప్పులు ఎగ్గొట్టినవాళ్ల జాబితాలో తన పేరు చేరుతుందనుకుని ఆమె వారం రోజులు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. చట్టం 1976లోనే ఆ మాటను తీసేసి నిరుపేద అనే అర్థం వచ్చే మాటను పెట్టింది, అయినా కోర్టు వరండాల్లో పాత పేరే నడుస్తోంది. న్యాయసహాయం అందించేవారు మొట్టమొదట చేయవలసిన పని, ఇది దివాలా కాదనీ, పరువుకు సంబంధించినది కాదనీ ఎదుటి మనిషికి ఆమె భాషలో చెప్పడం. మాకు ఆ మాట చెప్పినవారు లేరు.

ఈ పిటిషను గుండెకాయ అంతా దానికి జతచేసే ఆస్తుల జాబితాలో ఉంటుంది. దావా ఆస్తిని, జప్తుకు లోబడని వస్తువులను మినహాయించి మిగిలినవాటితో ఫీజు కట్టగలరా లేదా అన్నదే కోర్టు చూస్తుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పనివారి పనిముట్లు, మతాచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగలు జప్తుకు రావు కాబట్టి పిన్ని కుట్టుమిషను లెక్కలోకి రాదు. ఏమీ లేనివారే అర్హులని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. మామూలు పద్ధతుల్లో, న్యాయంగా ఆ ఫీజు మొత్తాన్ని సమకూర్చుకోగల శక్తి ఉందా అన్నదే కొలమానమని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పటికి పిన్ని దగ్గర చీటీ పాడగా వచ్చి బ్యాంకులో ఉన్న 31,000 రూపాయలు, ఒక జత చెవిదిద్దులు ఉన్నాయి. రెండూ కలిపినా 66,000 కావు. వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసి ఉంటే ఆమెకు అనుమతి దొరికేదని ఇప్పుడు మా వకీలు అంటున్నారు.

మొదటి వకీలు ఆ జాబితాలో ఏమీ లేదని రాయించారు. ప్రమాణపత్రం ఇంగ్లీషులో ఉంది. పిన్ని తమిళం ధారాళంగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం తెలుగే వచ్చు. చదివి వినిపించి, అర్థం చెప్పి సంతకం తీసుకున్నామని కింద ధ్రువీకరణ అయితే ఉంది. నిజానికి ఎవరూ చదివి వినిపించలేదు. ఆమె తెలుగులో సంతకం పెట్టింది, 2021లో పిటిషను దాఖలైంది.

ఆ తర్వాత జరిగే తంతు పొడుగైనది. దరఖాస్తుదారు స్వయంగా కోర్టుకు వచ్చి పిటిషను ఇవ్వాలి. ఆస్తిపాస్తుల సంగతి మొదట కోర్టు కార్యాలయ ముఖ్య ఉద్యోగి అయిన శిరస్తాదారు విచారించవచ్చు. ఎదుటి పక్షానికి, ప్రభుత్వ న్యాయవాదికి కనీసం పది రోజుల ముందు నోటీసు వెళ్లాలి. ఫీజు ప్రభుత్వానికి రావలసిన సొమ్ము కాబట్టి ప్రభుత్వ న్యాయవాదికి ఇందులో మాట ఉంటుంది. పద్నాలుగు వాయిదాల తర్వాత పిన్నిని సాక్షిగా నిలబెట్టినప్పుడు ఎదుటి వకీలు బ్యాంకు ఖాతా గురించి అడిగారు, ఆమె దాచకుండా డబ్బుందని చెప్పింది. ఆమె నోటితో చెప్పిన నిజం, ఆమె సంతకం ఉన్న కాగితంలోని అబద్ధం రెండూ ఒకే రికార్డులో పక్కపక్కన నిలిచాయి. ఆస్తిని కప్పిపుచ్చారన్న కారణంతో 2023లో పిటిషను కొట్టివేసి, ఎదుటి పక్షానికి 3,000 రూపాయలు ఖర్చుల కింద ఇవ్వాలని ఆదేశించారు.

ఆ రోజు జరగవలసింది ఒకటుంది, జరగలేదు. అనుమతి నిరాకరించేటప్పుడే ఫీజు కట్టడానికి గడువు ఇచ్చే అధికారం 33వ ఆర్డరు 15ఎ నిబంధన కింద కోర్టుకు ఉంది. ఆ గడువులోగా కడితే, పిటిషను మొదట ఇచ్చిన తేదీనే దావా వేసినట్టు లెక్క. ఉమ్మడి ఆస్తి నుంచి వెలివేయబడిన మనిషి, ఆ సంగతి తెలిసిన నాటినుంచి పన్నెండేళ్లలోపు దావా వేయాలి. కాలదోషం అంచున ఉన్నవారికి ఈ ఒక్క నిబంధన ప్రాణం పోస్తుంది. గడువు కావాలని వకీలు అడగలేదు, అడగవచ్చని పిన్నికి తెలియదు. పన్నెండేళ్లు నిండటానికి మాకు ఇంకా చాలా సమయం ఉండటం వల్ల నష్టం తప్పింది. అందరికీ అలా ఉండదు.

ఇక రెండో పిటిషను సంగతి. నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే. కొట్టివేత ఉత్తర్వు వచ్చిన రెండు నెలలకే మరో వకీలు, ఈసారి జాబితా సరిగా రాసి మళ్లీ వేద్దామన్నారు. మాకు అది సబబుగానే తోచింది. తప్పు దిద్దుకుని మళ్లీ అడిగితే వింటారని కదా ఎవరైనా అనుకునేది. పాత పిటిషను ప్రస్తావన కొత్తదానిలో లేదు. నోటీసు అందిన మొదటి వాయిదాకే ఎదుటి వకీలు పాత ఉత్తర్వు నకలు కోర్టు ముందు పెట్టారు. ఫీజు లేకుండా దావా వేయడానికి ఒకసారి అనుమతి నిరాకరిస్తే, అదే హక్కు గురించి అలాంటి పిటిషను మళ్లీ వేయడానికి వీల్లేదని 15వ నిబంధన సూటిగా చెబుతోంది. పిటిషను అక్కడికక్కడే కొట్టివేశారు.

అయితే న్యాయమూర్తి పిన్నిని దగ్గరికి పిలిచి తమిళంలో నెమ్మదిగా చెప్పిన మాటలు నేను మరిచిపోలేను. “ఇంట్లో మీ హక్కు పోలేదమ్మా. ఫీజు కట్టకుండా రావడానికి ఉన్న దారి మాత్రమే మూసుకుపోయింది. పాత ఖర్చులు కట్టేసి, ఫీజుతో మామూలు దావా వేసుకోవచ్చు. ఫీజు కోసం న్యాయసహాయ కేంద్రానికి వెళ్లండి.” రెండేళ్లుగా ఇద్దరు వకీళ్లు విడమర్చని సంగతిని ఆయన నాలుగు మాటల్లో చెప్పారు. ఆ పిలుపు కోసం ఆయన తన ఆ రోజు కేసుల మధ్యలోంచి తీసిన రెండు నిమిషాలే మా కేసును నిలబెట్టాయి.

ఆ నిబంధన మీద నాకు కోపం లేదు. ఒకే హక్కు కోసం ఫీజు లేకుండా పదేపదే పిటిషన్లు వేస్తుంటే ఎదుటి పక్షం ప్రతిసారీ వకీలును పెట్టుకుని వాయిదాలకు తిరగాలి. ఆ ఎదుటి పక్షం కూడా పేదవాడే కావచ్చు. ఫీజు అనేది చాలామందికి రెండోసారి ఆలోచించుకునేలా చేసే అడ్డు. అది లేనిచోట మరో అడ్డు ఉండక తప్పదు. 15వ నిబంధన అడ్డుకునేది ఆ ఒక్క హక్కు గురించి అదే తరహా పిటిషనును మాత్రమే, మనిషిని కాదు. పిన్ని రేపు వేరే విషయంలో పిటిషను వేస్తే ఈ ఉత్తర్వు ఆమెకు అడ్డురాదు.

మనిషినే అడ్డుకునే చట్టం వేరే ఉంది, దానిది మన మద్రాసు చరిత్రే. 1949లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం, సరైన కారణం లేకుండా అలవాటుగా వేధింపు దావాలు వేసే మనిషి మీద అడ్వొకేట్ జనరల్ దరఖాస్తు చేస్తే, హైకోర్టు ఆ మనిషి వాదన విని, ఇకమీదట ముందస్తు అనుమతి లేకుండా దావా వేయరాదని ఆదేశించవచ్చు. అక్కడ కూడా తలుపు పూర్తిగా మూయరు, అనుమతి అడిగే వీలుంటుంది. హైదరాబాదు కక్షిదారు ఒకరి మీద ఈ చట్టాన్ని ప్రయోగించగా ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చట్టం చెల్లుతుందని, కాని తెలంగాణ ప్రాంతానికి దాన్ని విస్తరింపజేయలేదు కాబట్టి అక్కడ వర్తించదని 1965లో మెజారిటీ తీర్పు వచ్చింది. ఈ చట్టానికి ఫీజుతో సంబంధం లేదు. లక్షలు కట్టి వేధించేవారికీ ఇది వర్తిస్తుంది. నాకు ఇందులో న్యాయం కనిపిస్తుంది, ఎందుకంటే వేధించే బుద్ధి పేదరికంతో పుట్టేది కాదు.

అమెరికాలో పద్ధతి ఇంతకంటె కఠినం. 1971 నుంచి 73 సార్లు ఫీజు లేకుండా తమ ముందుకు వచ్చిన ఒక కక్షిదారు నుంచి, కొన్ని రకాల పిటిషన్లను ఇకపై ఫీజు లేకుండా తీసుకోబోమని అక్కడి సుప్రీంకోర్టు 1989లో తేల్చింది. నలుగురు న్యాయమూర్తులు దానితో విభేదించారు. 1996 చట్టం ఖైదీల విషయంలో లెక్కే పెట్టింది: పసలేనివనో దురుద్దేశంతో వేసినవనో మూడు దావాలు కొట్టివేయబడితే, ప్రాణాపాయం లాంటి తక్షణ శారీరక ముప్పు ఉంటే తప్ప నాలుగోది ఫీజు ముందుగా కట్టకుండా వేయలేరు. అక్కడ లెక్క మనిషి పేరు మీద పడుతుంది, మన 33వ ఆర్డరులో హక్కు మీద పడుతుంది. మనదే మేలని నా అభిప్రాయం.

మన సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ విషయంలో రెండు వైపులా తీర్పులు రాశారు. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేయాలన్న ఉత్తర్వు హైకోర్టులోనూ ఖాయమయ్యాక, దాన్ని తప్పించుకోవడానికి మళ్లీ దావా వేసిన ఉదంతంలో, అటువంటి దావాలను కింది కోర్టు అర్థవంతంగా చదివి మొదట్లోనే తుంచివేయాలని 1977లో ఆయన రాశారు. 1979లో హర్యానాలో రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని పోగొట్టుకున్న నిరుపేద కుటుంబం ఫీజు లేకుండా పరిహారం అడగవచ్చునని, ప్రభుత్వం అడ్డుపడరాదని చెప్పిందీ ఆయనే. ఈ రెండింటికీ పొంతన లేదని కొందరంటారు, నాకు అలా అనిపించదు. వేధించడానికి వచ్చిన మనిషినీ, దిక్కుతోచక మళ్లీ వచ్చిన మనిషినీ విడదీసి చూడగలిగే చూపు ఆ రెండు తీర్పుల్లోనూ ఉంది. కోర్టులో ఆ చూపు మాకు దొరికింది. అంతకు ముందున్న మెట్ల మీద దొరకలేదు.

ఇక న్యాయసహాయ కేంద్రం సేవ. 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఏ కేంద్రానికి వెళ్లాలో చెప్పారు, ఆ మేరకు సేవ బాగుంది. కేంద్రంలో తొలిరోజు కౌంటరు దగ్గరున్నవారు ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నారు. తాసిల్దారు కార్యాలయం చుట్టూ రెండు వారాలు తిరిగాం. తర్వాత తెలిసిందేమంటే, చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితే లేదు. స్త్రీ అయితే చాలు, దావాలో ప్రాథమికంగా పస ఉంటే సహాయం అందాలి. ఆదాయం చూపవలసినవారు కూడా సాధారణంగా ప్రమాణపత్రం ఇస్తే సరిపోతుంది. కౌంటరులోని మనిషికే ఈ సంగతి తెలియకపోతే, దినకూలి పోగొట్టుకుని వచ్చిన స్త్రీకి ఎవరు చెప్పాలి? ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద లోపం ఇదే. కేంద్రం అధికారి దృష్టికి తీసుకెళ్లగా ఆమె వెంటనే దిద్దారు, క్షమించమని కూడా అన్నారు.

అక్కడ మేలు చేసినది పారా లీగల్ వాలంటీరుగా, అంటే వచ్చినవారికి న్యాయ విషయాల్లో దారి చూపే స్వచ్ఛంద సేవకురాలిగా కూర్చున్న ఒక అమ్మాయి. వాళ్ల అమ్మమ్మది నెల్లూరట, తెలుగు చక్కగా మాట్లాడింది. పాత ఉత్తర్వులు రెండూ తీసుకుని పిన్నికి వరుసవారీగా చదివి చెప్పింది. 33వ ఆర్డరు కింద అనుమతి వస్తే ఫీజు మాఫీ అయిపోతుందని మేము అన్నాళ్లూ నమ్మాం. అది మాఫీ కాదు, అరువు మాత్రమేనని ఆ రోజే తెలిసింది: గెలిస్తే ఆ ఫీజు దావా ఆస్తి మీద ప్రభుత్వానికి మొదటి బాకీ అవుతుంది, ఓడిపోతే కట్టమని ఆదేశిస్తారు, మధ్యలో ఆస్తి కలిసివచ్చినా, కోర్టులో వేధింపు ధోరణి కనబరచినా అనుమతిని రద్దు చేయవచ్చు. న్యాయసహాయం కింద అయితే కోర్టు ఫీజును, సమన్లు అందజేయడానికి కట్టే బత్తాను న్యాయసేవల సంస్థే భరిస్తుంది. స్త్రీలకు ఇంత మేలైన దారి పక్కనే ఉండగా ఇద్దరు వకీళ్లు పిన్నిని పాపర్ ఓ.పి. వైపు ఎందుకు నడిపించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్యానెల్ వకీలును, అంటే కేంద్రం జాబితాలో ఉన్న వకీలును కేటాయించడానికి నెల పట్టింది. మొదట ఇచ్చినవారు వేరే కోర్టుకు మారడంతో మరో నెల పోయింది. ఆయన గుమాస్తా జెరాక్సుల కోసమని 500 రూపాయలు అడిగాడు; సహాయం పొందేవారి దగ్గర ప్యానెల్ వకీళ్లు డబ్బు తీసుకోకూడదని ఆ వాలంటీరు ముందే చెప్పి ఉండటంతో మేము ఇవ్వలేదు, కేంద్రంలో చెప్పగా మళ్లీ ఎవరూ అడగలేదు. రెండోసారి వచ్చిన వకీలు చిన్న వయసామె, కష్టపడి పనిచేస్తారు. పాత కేసుల గురించి ఏమీ దాచవద్దని, రెండు ఉత్తర్వులనూ తానే కొత్త దావాలో పేర్కొంటానని మొదటి మాటగా చెప్పారు. ఎదుటి పక్షానికి ఇవ్వవలసిన 3,000 రూపాయలను పిన్ని తన చీటీ డబ్బులోంచి కోర్టులో జమచేసి మెమో వేయించింది, ఎందుకంటే ఆ ఖర్చులు కట్టకుండా వేసే మామూలు దావాను అదే 15వ నిబంధన కింద తిరస్కరిస్తారు.

దావా కాగితాలు రెండుసార్లు రిటర్న్ అయ్యాయి. మొదటిసారి లోపాలు రాసి ఇచ్చే చెక్ స్లిప్ చూడగానే పిన్ని మొహం పాలిపోయింది, మళ్లీ కొట్టేశారనుకుంది. వారసుల ధ్రువపత్రం నకలు మసకగా ఉందని, సరిహద్దుల వివరం సరిపోలేదని లోపాలు దిద్దమని ఇవ్వడం వేరు, న్యాయమూర్తి తీర్పుతో నిరాకరించడం వేరు. రిటర్న్ అయిన కాగితాన్ని గడువులోగా దిద్ది మళ్లీ ఇస్తే అది పదేపదే వేసిన దావా కాదు, అదే దావా. పేద కక్షిదారులు చాలామంది ఈ దశలోనే భయపడి కాగితాలు ఇంట్లో పడేస్తారని వకీలు చెప్పారు. ఈ తేడాను తమిళంలోనూ, వీలైతే తెలుగులోనూ ఒక కాగితం మీద అచ్చువేసి కౌంటరు పక్కన అంటిస్తే ఎంతమందికి మేలు జరుగుతుందో చెప్పలేను. కేంద్రంలోని సలహాల పెట్టెలో ఆ మాటే రాసి వేశాను.

ఈ సేవను ఇతరులకు చెప్పవచ్చా అని ఎవరైనా అడిగితే, తప్పకుండా చెబుతాను. వెళ్లేముందు మీ పేరున ఉన్న ప్రతి రూపాయినీ, ప్రతి నగనూ, పాత పిటిషను ఏదైనా ఉంటే దాని నంబరునూ మీ భాషలో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఫీజు లేని పిటిషను వేసేవారికి ఒక్క హక్కు మీద ఒక్క అవకాశమే ఉంటుంది. ఆ అవకాశం మా పిన్నికి తను చదవలేని ఒక కాగితం వల్ల పోయింది.

దావాకు నంబరు పడింది. మరిదికి సమన్లు అందాయి, జవాబు దాఖలు చేయడానికి వాయిదా ఉంది. ఈలోగా ఇంటిని అమ్మకుండా ఆపమని వేసిన పిటిషనుకు ప్రమాణపత్రం కావలసి వచ్చినప్పుడు, పిన్ని దాన్ని మొదటి వాక్యం నుంచి తెలుగులో చెప్పించుకుని, రెండో పేజీలో ఇంటి డోర్ నంబరు తప్పు పడిందని పట్టుకుని, దిద్దించాకే సంతకం పెట్టింది.